ఐసో డ్రమ్ము చిక్కబడ్డదా? థిన్నర్ మాత్రం పొయ్యకుండ్రి

అన్నలూ తమ్ములూ నమస్తే. కొత్తోళ్లకు ఒక మాట, పఫ్ అంటే గోడకు కొట్టే పాలియురేథేన్ ఫోమ్, ఐసో (ఐసోసైనేట్), పాలియాల్ అనే రెండు మాల్‌లు స్ప్రే గన్‌ల కలిస్తే తయారైతది. పోయిన వీడియో కింద హుజూరాబాద్ తమ్ముడు ఒకాయన అడిగిండు, కోల్డ్ స్టోరేజీ గోడకు పఫ్ కొడుతుంటే గన్ ఆగి ఆగి వస్తంది, డ్రమ్ముల చూస్తే ఐసో చిక్కగైంది, థిన్నర్ పోసి పల్చగ చేసుకోవచ్చా అన్నా అని. వద్దు తమ్మీ. థిన్నర్ పోస్తే కంటికి పల్చగ కనిపిస్తది గానీ లోపల అయిపోయిన రియాక్షన్ వెనక్కి రాదు, గోడ మీద ఫోమ్ సక్కగ సెట్ కాదు, ఇగ ఓనర్ తోటి లొల్లి నీకే.

అసలు ఏ దిక్కు మాల్ పాడైందో ముందు తేల్చుకోవాలె. మనోళ్లు గన్ ఆగిందంటే చాలు మెషిన్ పోయిందని పంపు విప్పి కూసుంటరు, నాకు అక్కడనే మండుతది. గేజులు చూడుండ్రి ఫస్టు. ఒక సైడు ప్రెజర్ పడిపోతుందంటే పంపుకు మాల్ అందట్లేదు, డ్రమ్ముల మాల్ చిక్కబడన్నా ఉండాలె లేకుంటే పంపు ముంగట ఫిల్టర్ జాలి అన్నా మూసుకపోయుండాలె. అట్ల కాక ఒక సైడు ప్రెజర్ మామూలు కంటే పైకి లేస్తుందంటే గన్ దగ్గర అడ్డం పడ్డట్టు. ఫోమ్ గూడ చెప్తది, ముదురు రంగుల ఉండి వేలుతో నొక్కితే పొడిపొడి రాలుతుంటే ఐసో ఎక్కువ పోతంది, మెత్తగ జిగటగ ఉంటే పాలియాల్ ఎక్కువైంది, అంటే ఐసో తక్కువ వస్తంది. రెండూ వాల్యూమ్ లెక్కన 1:1 పోవాలె గద.

ఇగ ఐసో చిక్కబడిందంటే నాకు ముందు అనుమానం వచ్చేది తేమ మీదనే. జూన్‌ల వాన పడ్డంక మన వరంగల్ గాలి ఎట్లుంటదో తెలుసు, బిరడా తీసి పెట్టి చాయ్‌కి పోతరు. ఇంకోటి చాలామంది పట్టించుకోరు, డ్రమ్ము నిలబెట్టి బయట పెడితే పైన అంచుల మధ్యల వాన నీళ్లు నిలుస్తయి, పగలు వేడికి లోపలి గాలి బయటికి పోతది, రాత్రి చల్లబడ్డంక బిరడా సందుల నుంచి ఆ నీళ్లను లోపలికి గుంజుకుంటది. అందుకే పండబెట్టాలె, లేదంటే రేకు కింద పెట్టాలె, వాడేటప్పుడు గాలి పోయే దారికి తేమ పీల్చే డ్రయర్ పెట్టాలె.

నీళ్లు తగిలిన ఐసోల గట్టి పలుకులు తయారైతయి, కార్బన్ డయాక్సైడ్ పుడతది. 18 గ్రాముల నీళ్లు, అంటే ఒక పెద్ద చెంచాడు, దానికే సుమారు 24 లీటర్ల గ్యాస్! 250 కిలోల డ్రమ్ముల పైన ఖాళీ ఎంతుంటదో మీరే చూసుకోండ్రి. అందుకే నీళ్లు కలిసిందని డౌటొచ్చిన డ్రమ్ముకు బిరడా బిగియ్యద్దు. ఇప్పటికే మూత ఉబ్బి ఉంటే సుత్తె గిత్తె పట్టుకపోకుండ్రి, దూరం జరిగి సప్లయర్‌కు ఫోన్ కొట్టుండ్రి.

జాలి తీసే ముందు ప్రెజర్ మొత్తం దించాలె, గ్లోవ్స్, మాస్క్ ఉండాలె, ఐసో ఆవిరి ఒంటికి ఒక్కసారి పడకపోతే జన్మంత ఆస్తమా లెక్క పట్టుకుంటది. తీసినంక జాలి మీద తెల్లగ, వేళ్ల మధ్య ఇసుక లెక్క గరగర తగిలితే తేమ పనే. కొత్త జాలి ఏసి మళ్ల అదే డ్రమ్ము నడిపితే కొంచెం సేపటికి మళ్ల అదే కథ. గాజు సీసాల డ్రమ్ము పైనుంచి కొంచెం, అడుగు నుంచి కొంచెం తీసి ఎలుతురుకు పట్టి చూడుండ్రి, మంచి ఐసో గోధుమ రంగుల తేటగ ఉంటది, మసకగ పలుకులతోటి ఉంటే ఆ డ్రమ్ము పక్కకు పెట్టుడే. మోరీల మాత్రం పొయ్యద్దు.

పాలియాల్ కథ వేరే. దాంట్ల ఫోమ్‌ను ఉబ్బిచ్చే గ్యాస్ కలిపి ఉంటది. ఆ గ్యాసులల్ల పాతది 141బి, మన దేశంల 2020 జనవరి 1 నుంచి బంద్, అది 32 డిగ్రీలకు మరిగేది, దాని జాగల వచ్చిన కొత్త గ్యాస్ హెచ్ఎఫ్ఓ 1233 అయితే 19 డిగ్రీలకే. మే నెలల ఏనుమాముల దిక్కు రేకుల షెడ్డుల డ్రమ్ము పెట్టి బిరడా తీస్తే బుస్సుమని నురగ పొంగుతది, పంపుల గ్యాస్ చేరి కొట్టుకుంటది, ఫోమ్ లేవదు. డిసెంబర్ పొద్దుగాల మాత్రం పాలియాల్ చిక్కగున్నా అది పాడైనట్టు కాదు, చలికి బిగుసుకుంది అంతే. డ్రమ్ము హీటర్ తోటి 20–25 డిగ్రీలకు మెల్లగ తెచ్చుకోవాలె, కింద గ్యాస్ పొయ్యి పెట్టే మొనగాళ్లు ఉన్నరు, దండం పెడ్త, వద్దు.

డౌటుంటే రెండూ సమానంగ కాగితం గ్లాసుల పోసి పుల్లతోటి గబగబ కలుపుండ్రి. మంచిగ లేచి గట్టిపడితే మాల్‌ల తప్పు లేదు, అప్పుడు విప్పుండ్రి మెషిన్‌ను.

ఆఖరికి ఒకటి, ఏ, బి అని చూసి పైపు పెట్టకుండ్రి. కొన్ని డ్రమ్ముల మీద ఐసోకు ఏ అని ఉంటది, యూరప్ లెక్కన రాసినోళ్లు బి అంటరు, డ్రమ్ము మీద పేరు చదివి పెట్టుండ్రి. ట్రాన్స్‌ఫర్ పంపులు తారుమారైతే ఫోమ్ డ్రమ్ముల, పంపుల, హోస్‌లనే లేస్తది, హోస్ మొత్తం పారేసుడే. పంపులకు ఎర్ర టేపు ఒకటి, నీలం టేపు ఒకటి సుట్టి పెట్టుకోండ్రి, ఖర్చు పెద్దగ కాదు.