ట్రిప్టోఫాన్‌కి సీటు దొరకదు: ప్రొటీన్‌కీ మనసుకీ అసలు లింకేంటి?

"గుడ్లు, పనీర్, గుమ్మడి గింజలు తినండి. వాటిలో ట్రిప్టోఫాన్ ఉంటుంది, దాంతో సెరటోనిన్ తయారవుతుంది, డిప్రెషన్ పోతుంది." ఈ ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. ట్రిప్టోఫాన్ అంటే ప్రొటీన్‌ని కట్టే ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో ఒకటి, సెరటోనిన్ అంటే మూడ్‌తో ముడిపడ్డ మెదడు రసాయనం. చివరి ముక్క తప్ప మిగతాదంతా నిజమే, నాకు చిరాకు అందుకే. పచ్చి అబద్ధమైతే కొట్టిపారేయడం తేలిక.

తిన్న ట్రిప్టోఫాన్ రక్తంలోకి వస్తుంది, సరే. అక్కడి నుంచి మెదడులోకి వెళ్లాలంటే ఒక డోర్ దాటాలి. సాయంత్రం ఆరింటికి సిటీ బస్సు ఫుట్‌బోర్డు అనుకోండి. ల్యూసీన్, ఐసోల్యూసీన్, వాలీన్, టైరోసీన్ లాంటి వేరే అమైనో ఆమ్లాలన్నీ ఆ ఒక్క డోర్ మీదే ఎగబడతాయి. మనం తినే ప్రొటీన్లలో ట్రిప్టోఫాన్ కొంచెమే, మిగతావి దండిగా ఉంటాయి. మీరు నాలుగు గుడ్లు తింటే స్టాపుకి ట్రిప్టోఫాన్ ఒక్కటే రాదు, ఊరంతా వస్తుంది.

మరి సీటెప్పుడు దొరుకుతుంది? ఉత్త అన్నమో పంచదారో తిన్నప్పుడు! ఇన్సులిన్ వచ్చి ల్యూసీన్ బ్యాచ్‌ని కండరాల వైపు తోలేస్తుంది. ట్రిప్టోఫాన్ మాత్రం రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుని అక్కడే నిలబడి, రద్దీ తగ్గగానే ఎక్కేస్తుంది. 1970ల మొదట్లో ఫెర్న్‌స్ట్రోమ్, వర్ట్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపించింది ఇదే. అలాగని రాత్రి జిలేబీలు లాగించకండి. కాస్త పప్పో పెరుగో కలిసినా ఆ లాభం పోతుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ప్రయోగం. 1990లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ పరిశోధకులు, మందులతో డిప్రెషన్ నుంచి తేరుకున్నవాళ్లకి ఒక డ్రింక్ ఇచ్చారు. అందులో అమైనో ఆమ్లాలు బోలెడు, ట్రిప్టోఫాన్ మాత్రం లేదు. అంటే కావాలనే బస్సు నింపేశారు. గంటల్లోనే చాలామందికి డిప్రెషన్ తిరగబెట్టింది. మామూలు తిండి మొదలెట్టాక ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంది. చూశారా, లింకుంది అంటారా? ఆగండి. ఏ సమస్యా లేనివాళ్లకి అలాంటి డ్రింకే ఇస్తే మూడ్ పెద్దగా మారదు. ట్రిప్టోఫాన్ పడిపోతే కొందరు కుంగిపోవచ్చు. పెంచితే అందరూ హ్యాపీ అయిపోతారని ఎక్కడా లేదు.

(స్క్రీన్ మీద: హైదరాబాద్ తార్నాక, జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) గేటు)

లోటు వస్తే మతి ఎలా పోతుందో చూడాలంటే పెల్లాగ్రా అనే జబ్బుని చూడాలి. మెడ చుట్టూ ఎండ తగిలినంత మేర చర్మం నల్లబడి గట్టిపడుతుంది, విరేచనాలవుతాయి, ఆ తర్వాత మతిమరుపు, అయోమయం. కారణం నియాసిన్ (విటమిన్ బి3) లోటు. మన ఒంట్లో సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి 1 మిల్లీగ్రాము నియాసిన్ తయారవుతుంది. అమెరికా దక్షిణాదిలో మొక్కజొన్న మీదే బతికిన పేదలకి ఇది వచ్చేది. పిచ్చాసుపత్రుల్లో కూడా ఈ రోగులుండేవారు. దక్కన్‌లో జొన్న తినేవాళ్లకీ వచ్చింది. హైదరాబాద్‌లో ఈ ల్యాబ్‌కి ఎన్ఐఎన్ అన్న పేరు ఇంకా రాని రోజుల్లో, 1960లో, సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసీన్‌ని అనుమానించారు.

మళ్లీ ల్యూసీనే! కానీ ఈసారి గొడవ డోర్ దగ్గర కాదు, ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారే చోట అన్నారు. నా బస్సు ఇక్కడ పనికిరాదు. తర్వాత అందరి ప్రయోగాలూ వాళ్లతో ఏకీభవించలేదు కూడా. జొన్నరొట్టె మానకండి బాబూ. పప్పు, పాలు, మాంసం దొరక్క పూటపూటా జొన్నతోనే గడిపిన పేదల రోగం అది.

టైమ్ అయిపోతోంది, గోధుమ సంగతి గబగబా. రెండో ప్రపంచ యుద్ధంలో గోధుమ కొరత పడ్డ దేశాల్లో స్కిజోఫ్రెనియాతో (భ్రమలు కలిగించే తీవ్ర మానసిక జబ్బు) ఆసుపత్రిలో చేరేవాళ్లు తగ్గారని 1966లో డోహన్ అనే అమెరికన్ డాక్టర్ రాశారు. యుద్ధంలో మారింది గోధుమ ఒక్కటేనా చెప్పండి? తర్వాత కొందరు రోగుల రక్తంలో గోధుమలో ఉండే గ్లూటెన్ ప్రొటీన్‌కి వ్యతిరేకంగా యాంటీబాడీలు ఎక్కువగా కనిపించాయి. అలాంటి 16 మందితో మేరీల్యాండ్‌లో ఐదు వారాల చిన్న ట్రయల్ చేసి 2019లో ప్రచురించారు. గ్లూటెన్ ఆపినవాళ్లలో ఆసక్తి లేకపోవడం, ముడుచుకుపోవడం లాంటివి కొంత తగ్గాయి. భ్రమలు తగ్గలేదు. మందులు ఎవరికీ ఆపలేదు.

ఒక్క మాట. గోధుమ పడట్లేదని డౌటుంటే సీలియాక్ (గ్లూటెన్ పడని జబ్బు) బ్లడ్ టెస్టు ముందు చేయించుకోండి, చపాతీలు ఆ తర్వాత మానండి. ముందే మానేస్తే ఉన్న జబ్బు కూడా టెస్టులో దొరక్కపోవచ్చు.