ల్యాబ్ ఎవరి చేతిలో ఉండాలి?

అందరికీ నమస్కారం. కోవిడ్ మొదట్లో దక్షిణ కొరియా ఎంత వేగంగా టెస్టులు చేసిందో అందరం చెప్పుకున్నాం. ఐదేళ్ల ముందు ఇదే దేశం ఘోరంగా దెబ్బతింది. 2015 మేలో గల్ఫ్ దేశాల నుంచి తిరిగొచ్చిన ఒకాయన జ్వరం, దగ్గుతో ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి తిరిగాడు, అది మెర్స్ (కరోనా జాతి వైరస్‌తో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) అని తేలేలోపే వార్డులో ఉన్న తోటి రోగులకీ వాళ్లని చూసుకునే ఇంటివాళ్లకీ అంటుకుంది. ఏయే ఆస్పత్రుల్లో కేసులున్నాయో ప్రభుత్వం జూన్ 7 దాకా బయటపెట్టలేదు. 186 మందికి సోకింది, 38 మంది చనిపోయారు.

అలాగని అంటువ్యాధుల్ని అదుపు చేసే సంస్థ లేక కాదు. సార్స్ అనే అంటువ్యాధి తర్వాత 2004లోనే కేసీడీసీ అనే వ్యాధి నియంత్రణ కేంద్రం పెట్టుకున్నారు, కాకపోతే అది ఆరోగ్య శాఖ చేతికింద ఉండేది. మెర్స్ తర్వాత దాని అధిపతికి వైస్ మినిస్టర్ హోదా ఇచ్చారు, అత్యవసరమైతే కొత్త టెస్ట్ కిట్లకు త్వరగా అనుమతి ఇచ్చేలా చట్టం మార్చారు. దాని ఫలితమే 2020 జనవరి 27న సియోల్ రైల్వే స్టేషన్‌లో జరిగిన మీటింగ్: అధికారులు కంపెనీల వాళ్లని పిలిచి కిట్లు కావాలన్నారు, ఫిబ్రవరి 4 కల్లా మొదటి కిట్‌కి అనుమతి వచ్చేసింది!

నన్ను బాగా ఆకట్టుకుంది మాత్రం ఆ ఏడాది జూన్‌లో జరిగిన గొడవ. కేసీడీసీకి స్వతంత్ర హోదా ఇస్తామన్న ప్రభుత్వం, అదే ప్లాన్‌లో దాని కింద ఉన్న, ల్యాబ్‌లు నడిపే జాతీయ పరిశోధనా సంస్థని తీసి ఆరోగ్య శాఖకి ఇచ్చేయబోయింది. హోదా పెంచి చేతులు నరికేయడమే కదా ఇది? నిపుణులు గట్టిగా అడ్డం తిరిగారు, రెండు మూడు రోజుల్లోనే అధ్యక్షుడు మూన్ ఆ ప్లాన్‌ని మొదటి నుంచి మళ్లీ చూడమన్నారు, పరిశోధనా సంస్థ అక్కడే ఉండిపోయింది. సెప్టెంబర్ 12న సొంత బడ్జెట్‌తో, సొంత నియామకాలతో కేసీడీసీయే కేడీసీఏ అనే కొత్త పేరుతో మొదలైంది, రోజూ టీవీలో జనానికి పరిస్థితి వివరించిన జంగ్ ఉన్-క్యోంగ్‌ గారే దానికి తొలి కమిషనర్ అయ్యారు.

మన జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం (ఎన్‌సీడీసీ) ఇప్పటికీ కేంద్ర ఆరోగ్య శాఖలోని డైరెక్టరేట్ కిందే ఉంది, పైగా మన దగ్గర ఆరోగ్యం రాష్ట్రాల సబ్జెక్టు, కాబట్టి కొరియా పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకోలేం. కానీ రేపు ఎవరైనా కొత్త సంస్థ పెడతామంటే మనం అడగాల్సినవి మాత్రం అవే: మనుషుల్ని ఎవరు తీసుకుంటారు, ల్యాబ్ ఎవరి కింద ఉంటుంది, కేసులు బయటపడిన రోజే జనానికి చెప్పే అధికారం ఎవరిది?