చంక దించితే రైక ఎగదన్నుతుంది: చిన్నమ్మతో కుట్టు కబుర్లు

నేను: నమస్కారమండీ. ఈరోజు స్టూడియో లేదు, గీడియో లేదు. బెంగళూరు జయనగర్‌లో మా చిన్నమ్మ వాళ్ల హాల్లో కూర్చున్నాం. మధ్యలో టకటక వినిపిస్తే అది మిషను, కంగారు పడకండి. చిన్నమ్మ పెళ్లయి హిందూపురం నుంచి ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ ఇంట్లో రైకలన్నీ తనే కుడుతుంది. చిన్నమ్మా, ముందు నా గోడు విను.

చిన్నమ్మ: చెప్పు. మైకు ముందర ఏడవద్దు, అంతే.

నేను: పోయిన నెల నేనే ఒక రైక కుట్టుకున్నా. చెయ్యి దించి నిలబడితే బ్రహ్మాండంగా ఉంది. బస్సులో పైన కడ్డీ పట్టుకున్నానో లేదో, నడుం దగ్గర నుంచి మొత్తం పైకి లేచొచ్చింది. చంకలో బిగుతేమోనని ఇంకో అర అంగుళం కిందికి కత్తిరించినా.

చిన్నమ్మ: ఇంకా ఎక్కువ లేచిందా?

నేను: నీకెట్లా తెలుసు?

చిన్నమ్మ: అందరూ చేసేదదే కదమ్మా. నేనూ చేసినా. చూడు, చెయ్యి ఎత్తినప్పుడు చేతి గుడ్డ రైకను పట్టి లాగుతుంది. ఎక్కడ పట్టి లాగుతుంది? చంక కింద నాలుగు కుట్లు కలిసే చోట. ఆ చోటు నీ చంకకు దగ్గరగా ఉందనుకో, చెయ్యి లేచినా అది పెద్దగా కదలదు. రెండంగుళాలు కిందికి ఉందనుకో, చెయ్యితో పాటు పక్క గుడ్డంతా పైకి పోవాల్సిందే. వేరే దారి లేదు దానికి. అందుకే చంక పైకి ఉంటేనే చెయ్యి ఆడుతుంది. వేలెడు సందు చాలు, అర అంగుళం నుంచి ముప్పావు దాకా.

నేను: మరి నాకు పట్టినట్టు అనిపించింది కదా?

చిన్నమ్మ: ముందు పక్కా, కిందా?

నేను: ముందు పక్క. ఇక్కడ, మడత పడే చోట.

చిన్నమ్మ: అయితే కత్తెర ముందుకు పోవాలి, కిందికి కాదు. ముందు భాగంలో చంక వంపు వెనక భాగం కంటే కొంచెం లోతుగా ఉంటుంది. అక్కడ పావు అంగుళం తీస్తే సరిపోయేది. ఇంకోటి, చేతి గుడ్డ పైన గోపురం లాగా ఉంటుంది చూడు, అది మరీ ఎత్తు చేస్తే భుజం మీద నీటుగా కూర్చుంటుంది గానీ చెయ్యి లేవదు. ఎత్తు కాస్త తగ్గించి వెడల్పు పెంచుకో. చెయ్యి దించినప్పుడు చంక దగ్గర రెండు ముడతలు పడతాయి, పడనీ. ముడతా వద్దు, చెయ్యీ లేవాలంటే కుదరదు.

నేను: నేను ఆది రైక, అదే కొలతకు పెట్టుకునే పాత రైక, పెట్టే కత్తిరించినా చిన్నమ్మా.

చిన్నమ్మ: ఇక్కడ టైలరు అళతె బ్లౌస్ అంటాడు, మనం ఆది అంటాం. ఏదైనా, నీ ఆది ఎప్పటిది?

నేను: కాలేజీలో కుట్టించింది...

చిన్నమ్మ: (నవ్వు) అప్పటి మనిషివా నువ్వు? ఆది మంచిదే, కానీ టేపుతో ఒళ్లు కూడా కొలుచుకోవాలి. రెండూ కలవకపోతే ఒంటి కొలతనే నమ్ము. ఆ తర్వాత కూడా నేరుగా మంచి గుడ్డ మీద కత్తెర పెట్టను నేను. పాత కాటన్ చీర ముక్క కత్తిరించి, కచ్చా కుట్టు వేసి, తొడుక్కుని చెయ్యెత్తి చూస్తా. కుర్చీలో కూర్చుని కూడా చూడాలి. అరగంట పని. పట్టు గుడ్డ పాడైతే ఆ అరగంట విలువ తెలుస్తుంది.

నేను: పట్టు అంటే గుర్తొచ్చింది, ఉగాదికి అమ్మ రైక...

చిన్నమ్మ: అయ్యో, అది నా తప్పే. తొందరలో లైనింగు తడపలేదు. మొదటిసారి నీళ్లలో పడగానే లోపలి కాటన్ కుదించుకుంది, పైన పట్టు అట్లే ఉంది. వేయించిన అప్పడం అయిపోయింది రైక. నూటికి మూడు వంతులు కుదించుకున్నా 36 అంగుళాల చుట్టుకొలతకు ఒక అంగుళం పోయినట్టే. అప్పటి నుంచీ చిక్కపేటలో లైనింగు తెచ్చిన రోజే బకెట్లో పడేస్తా. రాత్రంతా నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ.

నేను: సూది కూడా మారుస్తావా పట్టుకు?

చిన్నమ్మ: 11 నంబరు. మామూలు కాటన్‌కు 14. మొండి సూదితో పట్టు కుడితే పోగు లాగేస్తుంది, దాన్ని దాచలేం.

నేను: మెడ? నాకు మెడ ఎప్పుడూ సాగిపోతుంది.

చిన్నమ్మ: మెడ వంపు పడుగుకూ పేకకూ ఏటవాలుగా పోతుంది కాబట్టి సాగుతుంది. కత్తిరించిన వెంటనే, ఇంకేమీ ముట్టుకోకముందే, అంచు పక్కన ఒక వరస కుట్టు వేసెయ్. నువ్వు కత్తిరించి మూడు రోజులు హ్యాంగరుకు తగిలిస్తావు, నేను చూసినా. తర్వాత మెడ అంచుకు క్రాస్ పట్టీ, అంటే ఏటవాలుగా కత్తిరించిన పట్టీ, వేసేటప్పుడు పట్టీనే కొంచెం లాగి పట్టుకో, మెడను లాగద్దు. గుండ్రం తిరిగే చోట కత్తెరతో చిన్న చిన్న గాట్లు పెడితే బోర్లా పడకుండా లోపలికి తిరుగుతుంది.

నేను: ఇవన్నీ వచ్చే రైకకు. ఆ చెడగొట్టిందాన్ని ఏం చెయ్యను?

చిన్నమ్మ: చంక ముక్క వెయ్యి. పాత కాలం కుర్తాలకు చంక కింద చదరపు ముక్క ఉండేది చూడు, అదే. రెండున్నర అంగుళాల చదరం కత్తిరించు, చుట్టూ కుట్టు కోసం ఇంకో అర అంగుళం వదులు. చంక కింద నాలుగు పక్కలా కుట్లు విప్పి, ముక్కను మూలల మీద నిలబెట్టి, డైమండ్ లాగా అతుకు. చెయ్యి లాగేది ఏటవాలు పోగు మీద కాబట్టి ముక్క సాగుతుంది, రైక పైకి రాదు. దిగిపోయిన గుడ్డ తిరిగి చంక దాకా వచ్చినట్టే. అదే గుడ్డ మిగిలిందా నీ దగ్గర?

నేను: మిగిలింది. అమ్మ దాన్ని వంటింట్లో మసిగుడ్డ చేసింది.

చిన్నమ్మ: ఉతికి తీసుకురా. చంక కింద ఎవరు చూస్తారు?