తాలు కాయకు రంగేసిన చెయ్యి

(గుంటూరులో జర్నలిజం, ఫోటోగ్రఫీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకి వినపడుతోందా? సరే.

నన్ను పిలిచిన మేష్టారు, "ఎక్స్‌పోజర్ గురించి చెప్పండి, చివర్లో ఎడిటింగ్‌లో తప్పొప్పుల మీద ఓ నాలుగు ముక్కలు" అన్నారు. ఎక్స్‌పోజర్ అంటే ఫోటో కోసం కెమెరాలోకి రానిచ్చే వెలుతురు మోతాదు. నేను మాత్రం తప్పుతోనే మొదలుపెడతాను. ఆ తప్పు చేసింది నేనే కాబట్టి దాని సంగతి నాకు బాగా తెలుసు.

కొన్నేళ్ల కిందటి మాట. మన మిర్చి యార్డులో ఒక వ్యాపారి సరుకు ఫోటోలు తీయమన్నాడు, వేరే రాష్ట్రంలో కొనేవాళ్లకి వాట్సాప్‌లో పంపడానికి. టిక్కీ, అంటే మిర్చి గోతాం, విప్పి, హమాలీ ఒకతను దోసిట్లో కాయలు పట్టుకుని చూపించాడు. తేజ రకం. మంచి ఎరుపే గానీ మధ్యమధ్యలో తాలు కాయలు కనపడుతున్నాయి. బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్ల కోసం చెబుతున్నా, తాలు అంటే రంగు పోయి పాలిపోయిన కాయ. దాన్ని ఏరి పక్కన పోస్తారు, దాని ధర వేరు. "కాస్త రంగు పెంచండి సార్" అన్నాడు వ్యాపారి. ఎరుపు, నారింజ స్లైడర్లు కుడివైపు జరిపాను. అరనిమిషం పని. తాలు కాయ కూడా ఎర్రగా మెరిసింది.

సరుకు చేరాక గొడవైంది. ఫోటోలో రంగు గోతాంలో లేదు. వ్యాపారి ఫోన్ చేసి నన్నే తిట్టాడు, రంగు పెంచమన్నది తనే అన్న సంగతి మరిచి. ఆ రాత్రి ఫోటో తెరిచి పెద్దది చేసి చూశాను. కాయలు పట్టుకున్న ఆ హమాలీ అరచేతులు గోరింటాకు పెట్టుకున్నట్టు పండి ఉన్నాయి! మనిషి చర్మం రంగు కూడా ఎరుపు, నారింజల్లోనే ఉంటుంది కదా. కాయతోపాటు చెయ్యీ మారిపోయింది. అంత పెద్ద సాక్ష్యం ఫోటో మధ్యలో పెట్టుకుని నేను గమనించలేదు. మిర్చికి రంగే ధర. తక్కెడ పళ్లెం అడుగున చింతపండు అంటించే కొట్టువాడికీ నాకూ తేడా ఏముంది?

అలాగని ఎడిటింగ్ అంటేనే మోసం అనే పెద్దమనుషులతో నేను ఏకీభవించను. ముందు తప్పు చెప్పేది కెమెరాయే. అందులో వెలుతురును కొలిచే మీటర్‌కి లోకమంతా నడిమి బూడిద రంగు, సుమారు 18 శాతం వెలుతురును తిప్పి పంపే బూడిద. దానికి పంచె తెలియదు, గేదె తెలియదు. తెల్ల పంచె కట్టుకున్న రైతును సున్నం కొట్టిన గోడ ముందు నిలబెట్టి తీయండి, పంచె నాలుగు రోజులు ఉతకనట్టు వస్తుంది. గేదెను ఫ్రేము నిండా తీయండి, బూడిదలో దొర్లినట్టు వస్తుంది. అందుకే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అనే మీట ఉంది. తెలుపు ఎక్కువైతే ప్లస్ ఒకటి, అంటే వెలుతురు రెట్టింపు; నలుపు ఎక్కువైతే మైనస్ ఒకటి, అంటే సగం; అక్కణ్ణుంచి చూసుకోండి. ఈ ఒక్కో మెట్టునే స్టాప్ అంటారు. అప్పుడు మరిచిపోయి తర్వాత కంప్యూటర్‌లో పంచెను తెల్లగా చేశారనుకోండి, అది అబద్ధమా? పంచె తెల్లగానే ఉంది కదా!

ఇక మూడు మీటలు. అపర్చర్ అంటే లెన్సు కన్ను ఎంత తెరుచుకుంది, షట్టర్ అంటే ఎంతసేపు తెరుచుకుంది, ఐఎస్ఓ అంటే పడ్డ వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపిస్తోంది. మీటర్ లేని రోజుల్లో మా ముందుతరం వాళ్లు వాడిన లెక్క ఒకటి చెబుతాను. నిండు ఎండలో అపర్చర్ ఎఫ్ 16, ఐఎస్ఓ 100 అయితే షట్టర్ సెకనులో 125వ వంతు. మన ఏప్రిల్ ఎండకి ఇది చక్కగా సరిపోతుంది. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ కన్ను పెద్దగా తెరుచుకుంటుంది, కాబట్టి అదే వెలుతురు ఎఫ్ 8లో 500వ వంతుకి, ఎఫ్ 4లో 2000వ వంతుకి వస్తుంది. ఎక్స్‌పోజర్ ఒకటే, ఫోటో ఒకటి కాదు. టిక్కీ దించినప్పుడు లేచే ధూళి 2000వ వంతులో గాల్లో ఆగిపోతుంది. 30వ వంతులో హమాలీ కాళ్లు చెదిరి, అతని తొందర కనిపిస్తుంది. రెండూ నిజమే.

కల్యాణ మండపాల్లో ఫోటోల మీద అడ్డచారలు వస్తున్నాయని చాలామంది అడుగుతారు. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా రకాల లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. షట్టర్ 50 మీదో 100 మీదో పెడితే చాలావరకు పోతాయి. దానికి టెన్షన్ పడొద్దు.

టెన్షన్ పడాల్సింది ఎర్ర మిర్చి దగ్గర. కల్లంలో ఎండబోసిన కాయల్ని తీస్తే హిస్టోగ్రామ్, అంటే ఫోటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో కెమెరా చూపే గ్రాఫ్, బాగానే ఉందనిపిస్తుంది, కానీ చూసుకునేసరికి కాయ మీద ముడతలు మాయం, అంతా ఎర్ర ముద్ద. ఎందుకంటే మీరు చూసింది మొత్తం వెలుతురు గ్రాఫ్. లోపల ఎరుపు ఒక్కటే నిండి పొర్లిపోయింది. మూడు రంగులూ విడివిడిగా చూపించే గ్రాఫ్ పెట్టుకోండి, ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్‌లో మూడింట రెండు వంతులు తగ్గించండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే, 14 బిట్ల రా ఫైల్లో, అంటే కెమెరా దిద్దకుండా ఇచ్చే ముడి ఫైల్లో, 16,384. దిద్దుకోవడానికి చోటు అక్కడే ఎక్కువ. ఇంకో తంటా, యార్డులో నీలం పట్టా కింద పోసిన కాయ నల్లబడ్డట్టు వస్తుంది. వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా కనపడేలా రంగుల్ని సరిచూసే అమరిక, సరిచేసి దాని ఎరుపు దానికి తిరిగి ఇస్తే అది న్యాయం. నేను చేసింది లేని ఎరుపు ఇవ్వడం.

పత్రికల్లోకి వెళ్లాలనుకునే వాళ్లకి ఈ గీత ఇంకా సన్నం. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రం కోసం ఈజిప్టు పిరమిడ్లను కంప్యూటర్‌లో దగ్గరికి జరిపారు, అడ్డంగా ఉన్న ఫోటో నిలువు అట్టలో పట్టడానికి. ఆ అపవాదు ఇప్పటికీ పోలేదు. 2014 జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్ సంస్థ నార్సిసో కాంట్రెరాస్‌తో తెగతెంపులు చేసుకుంది. సిరియా యుద్ధం ఫోటోలో ఒక మూల తోటి విలేకరి వీడియో కెమెరా పడితే చెరిపేశాడు. అంతకుముందు ఏడాదే పులిట్జర్ బహుమతి అందుకున్న బృందంలో మనిషి! ఆయన ఫోటోలు మరో 500 దాకా జల్లెడ పడితే ఇంకే తప్పూ దొరకలేదు. శిక్ష ఎక్కువైందని నాకూ ఒకప్పుడు అనిపించేది. ఇప్పుడు అనిపించదు. కావాలంటే కోసేసి ఆ మూలను ఫ్రేములోంచి తీసేయొచ్చు, దాని స్థానంలో లేని మట్టిని పెట్టకూడదు.

పెళ్లి ఆల్బమ్‌లో మొటిమ తీసేస్తే ఎవరూ అడగరు, అడగనక్కర్లేదు కూడా. కానీ చామనఛాయ అమ్మాయిని అడక్కుండా తెల్లగా చేసే అలవాటు మా స్టూడియోల వాళ్లకి బాగా పట్టింది. ఒకసారి అలా చేసిన ఆల్బమ్ చూసి పెళ్లికూతురి నాయనమ్మ, "ఈ పిల్లెవరయ్యా?" అంది. మీ ఫోన్లలో అయితే బ్యూటీ మోడ్ మిమ్మల్ని కూడా అడగదు. ఇప్పుడే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపేయండి, నేను ఆగుతాను.

అయిందా? రేపు పొద్దున ఆరున్నరకి యార్డు గేటు దగ్గర కలుద్దాం. తలా గుప్పెడు కాయలు తీసుకుని పట్టా కింద ఒక ఫోటో, ఎండలో ఒక ఫోటో తీయండి. కాయల్ని పళ్లెంలో పెట్టొద్దు, పక్కవాడి అరచేతిలో పెట్టండి. ఒక మూల తెల్ల కాగితం ఉంచండి. మధ్యాహ్నం ఆ ఫోటోలు తెరిచి, ఆ చెయ్యి చెయ్యిలాగే ఉందో లేదో చూద్దాం. జేబురుమాలు తెచ్చుకోండి, ఘాటుకి తుమ్ములాగవు. ఆ వేళ్లతో కళ్లు నలుపుకోవద్దు, లెన్సూ తుడవద్దు.