చర్చా వేదిక: ఢిల్లీ ఇళ్లలో ఆదివాసీ మహిళలు, చట్టం ఎవరికి బరువు?

వ్యాఖ్యాత: ఇంటిపని కార్మికుల హక్కులకు చట్టం అవసరమా అన్నది పరిశీలించేందుకు కమిటీ వేయాలని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్రాన్ని ఆదేశించినప్పటి నుంచి వాదోపవాదాలు సాగుతున్నాయి. ఇరుపక్షాలకూ సమాన సమయం ఇస్తాం. మేడమ్, చట్టం వస్తే మధ్యతరగతివారు పనివాళ్లను మానిపించరా?

సంఘం నాయకురాలు: ముందు ఎవరు వెళ్తున్నారో చూడండి. జార్ఖండ్‌లోని గుమ్లా, సిమ్డేగా, ఖూంటీ జిల్లాల నుంచి ఒరావ్, ముండా, ఖడియా ఆదివాసీ తెగల ఆడపిల్లలు తెలిసినవాళ్ల మాట నమ్మి ఇంటిపనికి ఢిల్లీకి వెళ్తున్నారు. జీతం పనికి కుదిర్చే ఏజెన్సీ చేతికి పోయే చోట, ఊరికి ఫోను చేసుకోనివ్వని ఇంట్లో, ఆ పిల్లను అడిగే దిక్కు ఎవరు?

ఏజెన్సీల ప్రతినిధి: అందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయమండీ. మేం పని చూపిస్తున్నాం. నమోదు చేసుకున్న...

నాయకురాలు: నన్ను పూర్తి చేయనివ్వండి! ఛత్తీస్‌గఢ్ 2013లో, జార్ఖండ్ 2016లో ఏజెన్సీల నియంత్రణకు చట్టాలు చేశాయి, ఢిల్లీ 2014లో ఉత్తర్వు ఇచ్చింది. అయినా ఇల్లు ఒక రాష్ట్రంలో, పని ఇంకో రాష్ట్రంలో అయ్యేసరికి బాధ్యత ఎవరి మీదా నిలవడం లేదు.

వ్యాఖ్యాత: సరే, కానీ ఉపాధి పోతుందన్న భయం మాటేమిటి?

ఆచార్యులు: ఇది పేదరికం ఒక్కటే కాదు, ఆదివాసీ కావడం కూడా. దక్షిణ అమెరికాలోని బొలీవియాలో ఇంటిపనివారిలో ఆదివాసీ స్త్రీలు ఎక్కువ. అక్కడ 2003లో చట్టం వచ్చింది, చిన్ననాటి నుంచీ ఇంటిపని చేసిన కెచువా ఆదివాసీ మహిళ కసిమీరా రొడ్రీగెస్ 2006లో న్యాయశాఖ మంత్రి అయ్యారు. మన దగ్గర...

నాయకురాలు: మన దగ్గర సంగతి నేను చెబుతాను. సొంతవాళ్లు వచ్చి అడగలేనంత దూరం నుంచి తెచ్చిన పిల్ల అయితేనే రేయింబవళ్లు ఇంట్లో ఉంచుకోవచ్చు. ఆదివాసీ అయితే నోరెత్తదని యజమానుల నమ్మకం. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివారి హక్కులపై 2011లో చేసిన 189వ ఒప్పందాన్ని మన దేశం ఇంతవరకూ ఆమోదించలేదు.

ప్రతినిధి: నాకూ అవకాశం ఇవ్వాలి కదా, మా లైసెన్సు ఖర్చులు...

వ్యాఖ్యాత: ఒక్క నిమిషం సార్. మేడమ్, ఉపాధి ప్రశ్నకు మీరింకా జవాబివ్వలేదు.

నాయకురాలు: నెలనెలా జీతం ఆమె సొంత ఖాతాలో పడాలి, వారానికో సెలవు ఉండాలి. ఇంతమాత్రానికే పోయే ఉపాధిని ఉపాధి అనగలమా?

ఆచార్యులు: 2008 నాటి అసంఘటిత కార్మికుల చట్టం గురించి కూడా...

వ్యాఖ్యాత: సమయం లేదండీ. మేడమ్, చివరి మాట మీదే.

ప్రతినిధి: మళ్లీ ఆవిడకేనా?