పెళ్లి బస్సు మాట్లాడే ముందు: ఫోన్-ఇన్ కార్యక్రమం

(స్టూడియోలో ఉన్నవారు రవాణా శాఖలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు.)

యాంకర్: కార్తీక మాసం వనభోజనాలు, ఆ వెనకే పెళ్లిళ్లు. పదిమంది కలిసి వెళ్లాలంటే బస్సు మాట్లాడుకోవాల్సిందే. సార్, మొదటి కాల్ తెనాలి నుంచి. చెప్పండమ్మా.

తెనాలి: నమస్కారమండీ. మా అపార్ట్‌మెంట్ వాళ్లం పిల్లలతో కలిపి 23 మందిమండీ. శ్రీశైలం వెళ్దామని. 26 సీట్ల టెంపో ట్రావెలర్ సరిపోతుందాండీ?

నిపుణుడు: మనుషులకు సరిపోతుంది. సామానో?

తెనాలి: వంట సామానుందండీ. పొయ్యి, చిన్న సిలిండరు...

నిపుణుడు: సిలిండరు వద్దమ్మా. మనుషులతో పాటు గ్యాసు ఎక్కించొద్దు. పులిహోర, దద్దోజనం ఇంట్లోనే కలుపుకుని డబ్బాలకెత్తండి. ఎన్నింటికి బయలుదేరుతున్నారు?

తెనాలి: రాత్రి 8కండీ. తెల్లారేసరికి దర్శనం అయిపోవాలని.

నిపుణుడు: దోర్నాల దాటాక అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకూ మూసేస్తారు. పులులు తిరిగే చోటు. అర్ధరాత్రి దాటాక గేటు ముందు ఆగిపోతారు. మీరు బండిలో కునుకు తీస్తారు, ఆ డ్రైవరు దోమలు కొట్టుకుంటూ కూర్చుని, నిద్ర లేని కళ్లతో ఆరింటికి ఘాట్ ఎక్కుతాడు. తెల్లవారుజామున బయలుదేరండి, పగలే వెళ్తారు. ఇంకోటి, బండి నంబరు అడిగారా?

తెనాలి: లేదండీ, ఫొటో పంపారు.

నిపుణుడు: ఫొటో కాదమ్మా, నంబరు. నంబరు అడగండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. మిర్యాలగూడ నుంచి, హలో.

మిర్యాలగూడ: హలో... హలో, వినబడ్తుందా?

యాంకర్: వినబడుతోంది, మీ రేడియో సౌండ్ తగ్గించండి.

మిర్యాలగూడ: ఆఁ, తగ్గించిన. నమస్తే సార్. మా చిన్నబిడ్డ పెండ్లి సార్, వచ్చే నెల. పిల్లగానిది ఖమ్మం, పెండ్లి వాళ్ల దగ్గర్నే. మా ఊర్నుంచి బస్సు గట్టాలె. పెద్దబిడ్డ పెండ్లప్పుడు ఏమైందంటే సార్, ఫొటోల కొత్త బస్సు జూపిచ్చిండు. తీరా పొద్దుగాల జూస్తే ఇంకోటొచ్చింది, సీట్లన్నీ చినిగి. సూర్యాపేట రాకముందే ఆగిపోయింది. రెండు గంటలు రోడ్డు మీద్నే. మా వియ్యంకుడు ఇయ్యాల్టికీ అంటడు, "మీరు తలంబ్రాలకు రాలే, అప్పగింతలకొచ్చిండ్రు" అని.

నిపుణుడు: (నవ్వు) చూశారా, నంబరు అడగలేదు.

యాంకర్: మీ ప్రశ్న చెప్పండి.

మిర్యాలగూడ: అదే చెప్తున్న. ఇప్పుడు ట్రావెల్స్ ఆయన 22 వేలన్నడు. మా ఊర్ల స్కూలు బస్సున్నది సార్. పెండ్లి ఆదివారం, బస్సు ఖాళీగనే ఉంటది, డ్రైవరు గూడ మావోడే. డీజిలు మేం పోసుకొని 5 వేలు ఇయ్యమంటుండు. తీస్కోవచ్చునా?

నిపుణుడు: వద్దు.

మిర్యాలగూడ: పోలీసులు ఆపుతరా?

నిపుణుడు: ఆపరనే అనుకుందాం. ఆ బస్సు రికార్డుల్లో ఈఐబీ అని ఉంటుంది, అంటే విద్యాసంస్థ బస్సు. దాని పర్మిట్ పిల్లల్ని బడికి తేవడానికి, పెళ్లికి కాదు. దారిలో ఏదైనా అయితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట చూసేది పర్మిటే. అక్కడ తేడా ఉంటే పరిహారం కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సింది మీ బంధువులు. కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్, అంటే బండి మొత్తాన్ని అద్దెకు తిప్పుకునే పర్మిట్ ఉన్న బండి, పసుపు నంబరు ప్లేటు, అదే మాట్లాడుకోండి. నంబరు తీసుకుని ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నాయో తెలిసిపోతుంది. మీ మనవడికిస్తే నిమిషంలో చూసిపెడతాడు.

మిర్యాలగూడ: సరే సార్. మల్ల 300 కిలోమీటర్లు అని రాసిండు. పోను వంద, రాను వంద. 200 గద? మోసం జేస్తుండా?

నిపుణుడు: బస్సు ఎక్కణ్నుంచి వస్తుంది?

మిర్యాలగూడ: నల్గొండ నుంచి.

నిపుణుడు: వాళ్లు షెడ్డు నుంచి షెడ్డుకు లెక్కేస్తారు. నల్గొండ నుంచి మీ దగ్గరికి 40, మళ్లీ షెడ్డుకు 40. మీ 200 కలిపితే 280 అయింది. రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లని వాళ్లకో లెక్క ఉంటుంది, అది మోసం కాదు. మీరు అడగాల్సింది వేరే. 300 దాటితే కిలోమీటరుకు ఎంత, డ్రైవరు బత్తా, టోల్ ఎవరివి, విందు ఆలస్యమైతే వెయిటింగ్ ఎంత, దారిలో పాడైతే ఇంకో బండి ఎంతసేపట్లో పంపుతాడు. ఇవన్నీ అడ్వాన్సు రసీదు మీదే రాయించుకోండి, బండి నంబరుతో సహా. ఎంతమంది వెళ్తున్నారు?

మిర్యాలగూడ: యాభై అనుకున్నం. పెండ్లి గద సార్, డెబ్బై అయితరు.

నిపుణుడు: సీట్లెన్ని?

మిర్యాలగూడ: 49.

నిపుణుడు: అయ్యా! 2018లో కొండగట్టు ఘాట్‌లో లోయలో పడ్డ బస్సులో వందమందికి పైగా ఉన్నారు. యాభై మందికి పైగా పోయారు. డెబ్బై మందైతే రెండు బండ్లు.

మిర్యాలగూడ: మరి ఆ ఇరవై మందికి స్కూలు బస్సు...

నిపుణుడు: మళ్లీ స్కూలు బస్సేనా! ఇప్పటిదాకా ఏం చెప్పాను నేను?

మిర్యాలగూడ: కాదు సార్, ఇరవై మందే గద అని.

నిపుణుడు: (నవ్వు) ఇరవై మందైనా మీవాళ్లేగా. మీ పైసల బాధ నాకర్థమైంది. మిర్యాలగూడలో ఆర్టీసీ డిపో ఉంది, పెళ్లిళ్లకు బస్సులు అద్దెకిస్తారు. రేటు అడిగి చూడండి. ముహూర్తాల రోజుల్లో ముందే అయిపోతాయి, రేపే వెళ్లండి. వెనక ఎమర్జెన్సీ తలుపుకు అడ్డంగా సారె బుట్టలు, బిందెలు పెట్టనీయొద్దు. 2013లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. మంటలొస్తే ఆలోచించే టైముండదు.

యాంకర్: లైన్‌లో ఉండండి. హైదరాబాద్ నుంచి ఒకరు, త్వరగా.

హైదరాబాద్: హాయ్ సార్, ఫ్రెండ్ బర్త్‌డే. పార్టీ బస్సు, లోపల లైట్లు, డీజే. ఓఆర్ఆర్, అదే ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక రౌండ్...

నిపుణుడు: రౌండంటే 158 కిలోమీటర్లు బాబూ. మధ్యలో ఆపి కేకు కోయడానికి లేదు. సీట్లు పీకేసి డాన్స్ ఫ్లోర్ చేశారా ఆ బస్సులో?

హైదరాబాద్: మధ్యలో ఖాళీ ఉంది సార్.

నిపుణుడు: ఆర్సీలో ఎన్ని సీట్లున్నాయో, లోపల ఎన్నున్నాయో లెక్కపెట్టు. నడిచే బస్సులో ఎగురుతుంటే డ్రైవరు ఒక్క బ్రేకు కొట్టాడనుకో, అందరూ వెళ్లి ముందు అద్దం మీద పడతారు. మందు ఉందా?

హైదరాబాద్: కొంచెం... డ్రైవరుకు ఇవ్వం సార్.

నిపుణుడు: ఎంత దయ! బస్సును ఏదైనా ఫామ్‌హౌస్ దాకా మాట్లాడుకో, అక్కడ దిగి ఎగురు. తిరిగి తేవడానికి అదే డ్రైవరు, అతనికి నాలుగు గంటలు పడుకోవడానికి చోటు చూపించు. నంబరు అడిగావా?

హైదరాబాద్: ఇన్‌స్టాలో రీల్ చూశా సార్.

నిపుణుడు: రీల్!

యాంకర్: సమయం అయిపోతోంది. సార్, థాంక్యూ...

మిర్యాలగూడ: హలో, సార్? డిపోల ఎవర్నడగాలె?

యాంకర్: ఇంకా లైన్‌లోనే ఉన్నారా!

నిపుణుడు: డిపో మేనేజరు ఆఫీసులో అడగండి. పెళ్లి కార్డు పట్టుకెళ్లండి.