అడ్వాన్స్ వెనక్కి ఇస్తే లెక్క తీరినట్టేనా?

అందరికీ నమస్కారం.

హాలు బుక్ చేశారు, ఆహ్వానాలు పంచేశారు. అప్పుడు యజమాని ఫోన్ చేసి, "ఆ తేదీన కుదరదండీ, మీ అడ్వాన్స్ వెనక్కి ఇచ్చేస్తాం" అంటాడు. గుండె గుభేలుమంటుంది. ఆ టెన్షన్‌లో చాలామంది "పోనీలే, డబ్బయినా వస్తోంది" అనుకుని సరేనంటారు. నేను ఇవాళ మాట్లాడాలనుకున్నది ఆ "సరే" గురించే. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వడమంటే మన డబ్బు మనకు ఇవ్వడం. మాట తప్పడం వల్ల మనకు జరిగిన నష్టం వేరే లెక్క.

ముందు మీరు సంతకం పెట్టిన కాగితం తీసి చదవండి. మనం రద్దు చేసుకుంటే ఎంత కోస్తారో అందులో వివరంగా ఉంటుంది. వాళ్లు రద్దు చేస్తే ఏమిటన్నది ఒక్కోసారి ఉండనే ఉండదు. "ఏ కారణం చేతనైనా రద్దు చేస్తాం, అడ్వాన్స్ తప్ప ఏమీ ఇవ్వం" అని రాసి ఉన్నా నిరాశ పడకండి. ఇలాంటి ఏకపక్ష షరతులు సామాన్య వినియోగదారుడి మీద చెల్లవని చెప్పే చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి. వ్యాపార సంస్థల మధ్య ఒప్పందాలకు మాత్రం ఆ రక్షణ తక్కువ. అసలు కాగితమే లేకపోతే? రసీదు, మెసేజ్‌లు, బ్యాంకులో డబ్బు వెళ్లిన వివరం కూడా సాక్ష్యాలే.

తర్వాత, ఎందుకు రద్దు చేశారో అడగండి. 1861లో లండన్‌లోని సర్రే గార్డెన్స్ మ్యూజిక్ హాల్‌ను టేలర్ అనే ఆయన నాలుగు రోజుల కచేరీలకు, రోజుకు 100 పౌండ్ల చొప్పున మాట్లాడుకున్నాడు. మొదటి కచేరీకి వారం కూడా లేదనగా హాలు కాలిపోయింది. తప్పు ఎవరిదీ కాదు కాబట్టి యజమాని పరిహారం కట్టక్కర్లేదని 1863లో కోర్టు చెప్పింది. యజమానులు "మా చేతుల్లో లేదు" అనడానికి ఈ సూత్రాన్నే వాడుకుంటారు. కానీ ఒకే తేదీని ఇద్దరికి ఇవ్వడం, ఎక్కువ అద్దె ఇచ్చేవాళ్లు వచ్చారని మనల్ని తప్పించడం అగ్నిప్రమాదాలు కావు. అవి ఒప్పందాన్ని ఉల్లంఘించడమే.

అప్పుడు ఏం అడగవచ్చు? వేరే హాలుకు అదనంగా కట్టిన అద్దె, మళ్లీ వేయించిన ఆహ్వానాల ఖర్చు, కళాకారులకు ఇచ్చి తిరిగి రాని డబ్బు. సహజంగా వచ్చే నష్టాన్నీ, ఒప్పందం నాటికే ఇద్దరికీ తెలిసిన ప్రత్యేక నష్టాన్నీ మాత్రమే అడగవచ్చన్నది ఇంగ్లండ్‌లో 1854లో తీర్పు వచ్చిన హాడ్లీ కేసు నుంచి వస్తున్న నియమం. అందుకే బుకింగ్ రోజునే అది ఏ కార్యక్రమమో, ఎంతమంది వస్తారో రాతపూర్వకంగా చెప్పండి. ఇంకొకటి: చేతులు కట్టుకుని కూర్చుంటే పరిహారం తగ్గుతుంది. వేరే హాళ్ల కోసం వెతకండి, ఎవరెవరిని అడిగారో రాసి పెట్టుకోండి.

డబ్బు వద్దు, ఆ హాలే కావాలంటే? అరుదే గానీ అసాధ్యం కాదు. 1979లో ఇంగ్లండ్‌లోని గ్రేట్ యార్మత్ కౌన్సిల్ తన హాలును నేషనల్ ఫ్రంట్ అనే తీవ్ర జాతివాద పార్టీ సమావేశానికి ఇచ్చింది. ఎన్నికల తర్వాత వచ్చిన కొత్త కౌన్సిల్ దాన్ని రద్దు చేసి, పరిహారం ఇస్తామంది. ఆ పార్టీకి వేరే చోటు దొరకలేదు. కోర్టు హాలు ఇచ్చి తీరాలంది. ఆ పార్టీ భావాలు నాకు ఏమాత్రం నచ్చవు, అయినా తీర్పు సరైనదే అంటాను. మాటంటే మాటే కదా. ఇలాంటి ఉత్తర్వు కావాలంటే వార్త తెలిసిన ఒకటి రెండు రోజుల్లోనే లాయర్ దగ్గరికి వెళ్లాలి.

రద్దుకు అసలు కారణం మీ మతమో, నమ్మకమో అయితే అది వివక్ష అవుతుంది. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో 2020 సభకు ఇచ్చిన బుకింగ్‌ను రద్దు చేసినందుకు బిల్లీ గ్రాహం అనే క్రైస్తవ ప్రచార సంస్థకు సుమారు 97,000 పౌండ్లు చెల్లించాలని 2022లో కోర్టు తీర్పు ఇచ్చింది.

కోర్టు దాకా వెళ్లకుండానే చాలా గొడవలు ఒక ఉత్తరంతో తేలిపోతాయి. ఏ తేదీన ఏం ఒప్పుకున్నారు, ఎప్పుడు రద్దు చేశారు, మీ నష్టం ఎంత, ఎప్పటిలోగా చెల్లించాలి, అన్నీ రాసి పంపండి. చిన్న మొత్తాలకు వినియోగదారుల కమిషన్లు, చిన్న దావాల కోర్టులు చాలా చోట్ల ఉన్నాయి. వాటికీ గడువు ఉంటుంది, అది ముందే కనుక్కోండి. అడ్వాన్స్ వెనక్కి ఇస్తూ ఏదైనా కాగితం చేతికిస్తే పూర్తిగా చదవండి. అందులో "ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు" అని ఉంటే సంతకం పెట్టకండి. డబ్బు తీసుకుంటున్నా మిగతా నష్టం అడిగే హక్కు మీకు ఉందని అదే రోజు మెసేజ్‌లోనైనా రాసి పంపండి.